మైక్ 2

పదహారు కేజీల ఇనుప పెట్టె.
స్కూటీలో కాళ్ల కాడ పెట్టుకోని
మైదుకూరు రోడ్డు గుంతలన్నీ దాటించి
ప్రొద్దుటూరులో నా బల్ల మీద దించింది కెజియా.
"మామా, దీంట్లో గిటారు పలకాల."

మూత తీయకముందే గుర్తుపట్టినా.
హుసేనప్ప మైకుసెట్టు.
మనవడు పాతసామాన్ల అంగడికి తూకానికేసినాడంట.
ముందు పలక మీద తెల్లరంగుతో ఆయప్ప చేతిరాత ఇంకా ఉంది:
మైక్ 1. మైక్ 2. రికార్డు.

ముప్పై ఏండ్లు దీనికి వైద్యం నాదే.
పీర్ల పండగలో తప్పిపోయిన పిల్లోళ్ల పేర్లు,
ఓట్ల జీపు,
చాపాడు నాటకంలో దుర్యోధనుడు రాగం తీస్తాంటే
నడుమ దూరిన 'కీ...' మనే కూత,
అన్నీ ఈ నాలుగు వాల్వుల్లోంచే పోయినాయి.
బొంగురు వస్తే ఆయప్ప సైకిలెక్కి వచ్చేవాడు.
"ఓబులేసూ, సౌండు పగిలిపోతాంది. నున్నగ చెయ్యి."
చేసేవాణ్ని.
నా సదువంతా అదే,
పగులు యాడుందో ఎతికి పూడ్చడం.

ఇప్పుడీ పిల్ల,
పెద్దాసుపత్రిలో రాత్రి డ్యూటీ నర్సు,
ఎర్రబడిన కండ్లతో, చేతులకు స్పిరిటు వాసనతో
స్టూలు మీద కూచోని చెప్తాది:
"నున్నగ వద్దు మామా.
గట్టిగా మీటితే గొంతు చీరాల.
మెల్లగా మీటితే ఏమీ ఎరగనట్టుండాల."
పగులుకు డబ్బులిచ్చే గిరాకీని
ఇదే చూడ్డం.

కరెంటు పీకి గంటయినా
కెపాసిటర్లలో తేలు కొండి ఎత్తుకోనే ఉంటాది.
ముందు దాన్ని చంపాల.
అది చెప్పేటప్పుడు ఆ పిల్ల ఫోను పక్కన పెట్టింది.
మైనం కారినవి, ఉబ్బినవి అన్నీ పీకినా.
ఒకదాని కింద ఎండిపోయిన బల్లిపిల్ల.
రెండు తీగల వైరు తీసేసి
మూడోది, ఎర్తు, ఛాసిస్‌కు బిగించినా:
గిటారు తీగలు ఇనుపవి, పట్టుకునేది మనిషి.
కంబాల మీది హారన్లకు పోయే వంద వోల్టుల లైను వదిలేసి
ఎనిమిది ఓముల కొన ఎతికితే
ఫ్యాక్టరీలో చుట్టిన గుడ్డపీలిక దానికి అట్లే ఉంది.
ఇన్నేండ్లలో ఎవరూ ముట్టలే దాన్ని. నేను కూడా.

ఇంక ఫీడ్‌బ్యాక్ తీగ.
గొంతును నున్నగ ఉంచేది అదే.
ఒకప్పుడు నా చేత్తోనే టంకం వేసిన తీగ.
కత్తిరించినా.

మూడో రాత్రి వాల్వులు నారింజ రంగుకు తిరిగినాక
జాక్‌లో ఏమీ పెట్టకుండానే పెట్టె మాట్లాడింది.
ఆడమనిషి గొంతు, బావిలోంచి వచ్చినట్టు:
కడప స్టేషను.
పత్తి ధర, పసుపు ధర, రేపు అక్కడక్కడ వానలు.
కెజియా లేసి నిలబడింది.
"ఎవరు మామా?"
"గడియ లేని తలుపు పాపా.
గాల్లో పోయేదంతా లోపలికొస్తాంది."

దానికి మందు జొన్నగింజంత రెసిస్టరు.
వాల్వు గ్రిడ్ కాలికి అంటిస్తే ఆ గొంతు ఆగిపోతాది.
కడ్డీ వేడెక్కింది. సీసం చేతిలోనే ఉంది.
పసుపు ధర చెప్పేదాకా ఆగినా.
నాకు పసుపు చేను లేదు.

తర్వాత ఆ పిల్ల వాయించింది.
ముందు మెల్లగా,
నిద్రపోయే వార్డులో చెప్పులు చేతబట్టుకోని నడిచినట్టు.
ఆనెక గట్టిగా.
చీలింది.
బల్ల మీది స్క్రూలన్నీ ఒక పక్కకు నడిచినాయి.
అలవాటు కొద్దీ నా చెయ్యి గుండీ తగ్గించను పోయింది.
కెజియా వద్దని తల ఊపింది.
చెయ్యి తెచ్చి మోకాలి మీద పెట్టుకున్నా.

ఒకటి మాత్రం ఆమెకు చెప్పలే, బిల్లులో రాయలే.
గిటారు జాకు మైక్ 1 బొక్కలో బిగించినా.
రెసిస్టరు దానికొక్కదానికే.
మైక్ 2 ను ముట్టలే,
దాని మీది తెల్లరంగును కూడా.
డ్యూటీ లేని రాత్రి ఎప్పుడన్నా
ఊరికే రెండో గుండీ తిప్పి చూస్తే
తెలుస్తాది ఆ పిల్లకే,
పసుపు ధర ఎంతో.